తమ్ముడి కూతురి ఫీజు రసీదు

ముప్పై ఎనిమిదేళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ ఆదాయం గురించి ఆలోచించి, నా ఆదాయం గురించి ఆలోచించే తీరిక లేకుండానే రిటైరయ్యాను. ఖమ్మంలో మేడమీద ఒక గది ఆఫీసు. నెలకోసారి భద్రాచలం. జూన్, జూలై ఆదివారాల్లో మణుగూరు బొగ్గుగని కాలనీ. నేను చార్టర్డ్ అకౌంటెంటును కాను. ఆ పరీక్షకు మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ రిటర్నయ్యాను. ఆపైన రిటర్నులే నా బతుకుతెరువయ్యాయి.

భద్రాచలంలో నా బల్ల పక్కన ‘పన్నుల సలహాదారు’ అని బోర్డు ఉండేది. ఒకరోజు ఒక పెద్దావిడ చెంప పట్టుకుని వరసలో అరగంట కూర్చుంది. ఆవిడ వంతు వచ్చాక, ఏ పన్నమ్మా అని అడిగాను, ఆదాయం పన్నా, వృత్తి పన్నా అన్న ఉద్దేశంతో. ఆవిడ నోరు తెరిచి చూపించింది. రెండు సందుల అవతల ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాను. నా దగ్గరికి వచ్చి నొప్పి తగ్గించుకున్నవాళ్ళు ఎవరని ఆలోచిస్తే మొదట ఆవిడే గుర్తొస్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి నాలుగు మాటలు చెప్పమంటారు. ఫారాలు నింపడం వాళ్ళకు నాకన్నా బాగా వచ్చు. నేను రెండు వేళ్ళతో కొట్టేది వాళ్ళు ఫోన్లో బొటనవేలితో ముగిస్తారు. అందుకని నేను బాగా చేసిన పనుల గురించి చెప్పి వాళ్ళ టైము తినను. చెడగొట్టిన పని ఒకటుంది, అది చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో సగం వాటా నాదే.

సీనియర్ గారి మొదటి ప్రశ్న

నాకు పని నేర్పింది సుబ్బారావు గారు. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఎర్రుపాలెం దగ్గర భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. ఆయన ఖమ్మంలో ప్రాక్టీసు పెట్టారు. ఎవరు వచ్చినా ముందు కాగితాలు ముట్టుకునేవారు కాదు. “ఏవయ్యా, నీ సంపాదన మీద ఎంతమంది తింటున్నారు?” అని అడిగేవారు. వచ్చినవాడు వేళ్ళు మడుస్తూ తల్లిని, చెల్లెల్ని, చెల్లెలి పిల్లల్ని లెక్క చెప్పేవాడు. పది నిమిషాలు పట్టేది. ఆ తర్వాతే ఫారం తీసేవారు.

నాకు ఒళ్ళు మండేది. ఆ లెక్కకు ఫారంలో ఎక్కడా గడి లేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, గడి లేని ప్రశ్న దేనికండీ అని.

“గడి లేదు గదయ్యా, అందుకేగా నోటితో అడుగుతున్నా” అన్నారాయన.

ఆయన పోయాక ఆఫీసు నాదయింది, బీరువా నాదయింది, ఆ ప్రశ్న మాత్రం ఎటు పోయిందో నేను పట్టించుకోలేదు. జూలై నెలలో మణుగూరు కాలనీ షామియానా కింద యాభైమంది వరసలో నిలబడి ఉంటే పది నిమిషాల ప్రశ్నలు ఎవరడుగుతారు? నేను నా సొంత ప్రశ్న ఒకటి పెట్టుకున్నాను. పిల్లలెందరు? ఒక్క ముక్కలో జవాబు వచ్చేది, గడిలో పడేది.

ఒక పట్టా, ఒక ఉద్యోగం

వీరయ్య మణుగూరు దగ్గర ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. కాలనీ దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న గూడెం వాళ్ళది. గని కోసం భూములు తీసుకున్నప్పుడు వాళ్ళ నాయన పేరు మీదున్న చేను పోయింది. నష్టపరిహారంతో పాటు పట్టాకు ఒక ఉద్యోగం ఇచ్చారు. చేను ఇద్దరు అన్నదమ్ములది, ఉద్యోగం ఒకటి. పెద్దవాడు కాబట్టి వీరయ్య ఎక్కాడు. తమ్ముడు ముత్తయ్యకు ఉద్యోగమూ లేదు, దున్నడానికి చేనూ లేదు. కూలికి పోతాడు, సీజన్లో తునికాకు కోస్తాడు. ముత్తయ్య ఇంటికి, వాళ్ళ పిల్ల చదువుకు అయ్యే ఖర్చు వీరయ్య జీతంలోంచే పోవాలని ఆనాడే పెద్దమనుషుల ముందు అనుకున్నారు. కాగితం రాసుకోలేదు. అన్నదమ్ముల మధ్య కాగితం ఏమిటని రాసుకోలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదట తెలిసి ఉండాల్సింది. వీరయ్య అప్పటికే ఏడేళ్ళుగా నా క్లయింటు.

పిల్లలెందరు అని నేను మొదటి ఏడాది అడిగినప్పుడు, “ఇద్దరు సార్. పిలగాడు, పిల్ల” అన్నాడు. ఇద్దరని రాసుకున్నాను. పిలగాడు వీరయ్య కొడుకు. పిల్ల ముత్తయ్య కూతురు సుజాత. ఇందులో వీరయ్య అబద్ధమాడింది ఏమీ లేదు. తమ్ముడి బిడ్డను వేరే లెక్క రాయడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పెదనాన్న అంటేనే పెద్ద నాన్న. ఆదాయపు పన్ను చట్టానికి మాత్రం ఆ చుట్టరికం అందదు.

నేనిచ్చిన సలహా

సుజాతకు ఖమ్మంలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. ఫీజులో పెద్ద భాగం సర్కారు రీయింబర్స్‌మెంటు కింద ఇస్తుంది. తండ్రి ఆదాయం తక్కువ కాబట్టి మొదటి ఏడాది దరఖాస్తు ఇబ్బంది లేకుండా పాసయింది. సర్కారు ఇచ్చేది పోగా మిగిలిన ఫీజు వీరయ్య కట్టాడు.

పిల్లల ట్యూషన్ ఫీజు కట్టిన తల్లిదండ్రులకు 80సి కింద మినహాయింపు ఉందని కాలనీలో అందరికీ తెలుసు. వీరయ్యకూ తెలుసు. జూలైలో రసీదు పాలిథిన్ సంచిలోంచి తీసి నా బల్ల మీద పెట్టాడు. గని ఆఫీసువాళ్ళు దాన్ని వెనక్కి ఇచ్చారట. చూస్తే, తండ్రి పేరు దగ్గర ముత్తయ్య అని ఉంది.

కాలేజీ గుమాస్తాలు పేర్లు తప్పు రాయడం నేను చూడని విషయం కాదు. రసీదులో తప్పు పడింది, కాలేజీకి పోయి నీ పేరు మీద మార్పించుకుని రా అన్నాను. వీరయ్య ఏదో చెప్పబోయాడు. వెనక వరస గుడారం దాటి రోడ్డు మీదికి పాకింది. ముందు మార్పించుకురా వీరయ్యా, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

మార్పించుకొచ్చాడు. సారు చెప్పాడంటే చట్టంలో అట్లాగే ఉండి ఉంటుందనుకున్నాడు. కాలేజీ గుమాస్తా కూడా పెద్దమనసు చేసుకుని రసీదుతో ఆగలేదు. రికార్డులో సుజాత పేరు పక్కన తండ్రి గడిలో ముత్తయ్యను తీసేసి వీరయ్యను పెట్టాడు. నేను రిటర్నులో మినహాయింపు వేసి, పదివేల చిల్లర పన్ను తగ్గించి, నా ఫీజు నేను తీసుకున్నాను. ఆ తర్వాత మాట్లాడుకోవడం మరిచిపోయాను.

సుజాత వచ్చిన రోజు

నవంబరులో ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి నా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చేతిలో ప్రింటు తీసిన కాగితం. రెండో ఏడాది స్కాలర్‌షిప్ రెన్యువల్ తిరస్కరించారు. కారణం: తండ్రి ఆదాయం పరిమితికి మించినది. కాలేజీ రికార్డులో తండ్రి వీరయ్య, గని ఉద్యోగి. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో తండ్రి ముత్తయ్య, కూలీ. రెండూ కలవకపోయేసరికి పరిశీలనకు పోయింది. అడిగితే గని ఆఫీసువాళ్ళు జీతం ఎంతో చెప్పారు.

సర్కారు ఇవ్వకపోతే ఫీజు మొత్తం కట్టాలంటోంది కాలేజీ. కట్టేదాకా హాల్‌టికెట్ ఇవ్వరట. పరీక్షలు జనవరిలో. ఈ ఏడాది తప్పితే మిగతా రెండేళ్ళ రీయింబర్స్‌మెంటు కూడా పోయినట్టే.

ఇదంతా చెప్పి, “సార్, నాకిద్దరు నాయనలని మా ఇంట్ల అంటరు. మీరు ఒకరిని తీసేసిన్రు” అంది.

నవ్వుతూనే అంది. నేను కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచానో తెలియక, మళ్ళీ కూర్చున్నాను.

సాయంత్రం వీరయ్యకు ఫోన్ చేశాను. అప్పుడు బయటికొచ్చింది చేను సంగతి, ఉద్యోగం సంగతి, అన్నదమ్ముల మాట సంగతి. సుబ్బారావు గారి ప్రశ్న వేసి ఉంటే పది నిమిషాల్లో తెలిసేవి. ముందే ఎందుకు చెప్పలేదు వీరయ్యా అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

“చెప్పబోయిన సార్. మీరు జల్దీల ఉన్నరు” అన్నాడు.

చట్టం ఏమంటుంది, ఎందుకంటుంది

కోపం వచ్చినా చట్టం చట్టమే కాబట్టి అది చెబుతాను. ట్యూషన్ ఫీజు మినహాయింపు సొంత పిల్లలకే, అదీ ఇద్దరికే. తమ్ముడి పిల్లలకు వర్తించదు. కట్టింది నువ్వే అయినా వర్తించదు. సర్కారు కట్టిన భాగాన్ని తల్లిదండ్రులు తాము కట్టినట్టు చూపకూడదు. విద్యార్థి చదువు కోసం వచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు, తండ్రి రిటర్నులో దాన్ని ఆదాయంగా కలపనక్కర లేదు. ఇంతవరకు బాగానే ఉంది.

సుజాత సంగతి చూడండి. ఫీజు కట్టిన వీరయ్యకు మినహాయింపు లేదు, తండ్రి కాదు కాబట్టి. తండ్రి అయిన ముత్తయ్యకు మినహాయింపుకు అర్హత ఉంది, పన్ను కట్టేంత ఆదాయమే లేదు. అన్నం లేనివాడికి విస్తరి, విస్తరి లేనివాడికి అన్నం. పైగా ఇదే చట్టం చదువు కోసం బ్యాంకు అప్పు తీసుకుని వడ్డీ కడితే చట్టబద్ధమైన సంరక్షకుడికి కూడా మినహాయింపు ఇస్తుంది. అప్పు లేకుండా జేబులోంచి తీసి కట్టిన పెదనాన్నకు మాత్రం ఏమీ ఇవ్వదు. అప్పుచేసి చదివిస్తే పుణ్యం, కష్టపడి చదివిస్తే శూన్యం.

అదే కాలనీలో అదే షామియానాకు ఇరవై గజాల దూరంలో ఇంకొకాయన బల్ల వేసుకునేవాడు. క్వార్టర్లో ఉండేవాళ్ళకు కిరాయి ఇంటి రసీదులు, ఎన్నడూ ఇవ్వని విరాళాలు సృష్టించి రీఫండ్ తెప్పించి అందులో వాటా తీసుకునేవాడు. ఆ రసీదులు ఏళ్ళ తరబడి చెల్లాయి. తర్వాత నోటీసులు వచ్చాయి. అప్పటికి బల్ల లేదు, ఆయన లేడు, నోటీసులు మాత్రం కార్మికులకు మిగిలాయి. లేని ఇంటి కిరాయి నమ్మిన వ్యవస్థకు, ఉన్న పిల్ల ఫీజు దగ్గర అనుమానం వచ్చింది. నాకు కోపం రాకుండా ఎట్లా ఉంటుంది?

కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు ఇప్పుడు ఈ గొడవ లేదు. గొడవతోపాటు మినహాయింపూ లేదు.

ఫార్మాటు

దిద్దడానికి మూడు పనులు. వీరయ్య రిటర్ను సవరించాలి, మినహాయింపు తీసేసి పన్ను, వడ్డీ కట్టాలి. ఆ గడువు డిసెంబరు నెలాఖరు. కాలేజీ రికార్డులో తండ్రి పేరు మళ్ళీ మార్పించాలి. స్కాలర్‌షిప్పులు చూసే ఆఫీసులో వీరయ్య డిక్లరేషన్ ఇవ్వాలి.

మొదటిది ఆ వారమే చేశాను. వడ్డీ నేను కడతానన్నాను. వీరయ్య ఒప్పుకోలేదు. ఆ సవరణకు నా ఫీజు మాత్రం ఇవ్వలేదు, అడగడానికి నాకూ మొహం చెల్లలేదు. రెండోదానికి కాలేజీ గుమాస్తా ముందు నా తప్పేనని రాసిచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, ఇట్లాంటి కాగితం మావాళ్ళకు ఎవ్వరూ ఇవ్వలేదండీ అని ఫైల్లో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

మూడోదాని దగ్గర ఆగింది. ఆఫీసులో సూపరింటెండెంటు ముద్రించిన ఫార్మాటు ఇచ్చాడు. అందులో రెండు వాక్యాలు. ‘పై విద్యార్థిని నా కుమార్తె కాదు. ఆమె పోషణతో గానీ, చదువుతో గానీ నాకు ఎటువంటి సంబంధమూ లేదు.’

వీరయ్య, ముత్తయ్య, సుజాత ముగ్గురూ వచ్చారు. అన్నదమ్ములిద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. వీరయ్య కాగితం చదివి నా చేతికి ఇచ్చేశాడు.

“పన్ను ఎంతైతే గంత కడ్త సార్. వడ్డి సుత కట్టిన. గీ మాట మీద సంతకం పెట్ట.”

పెట్టకపోతే హాల్‌టికెట్ రాదని చెప్పాను.

“చేను ఇద్దరిది సార్. తవ్విన్రు. కొలువు నాకిచ్చిన్రు. గిప్పుడు పిల్లతోని సంబంధం లేదని రాస్తే, తమ్ముని పాలు సుత నేనే తిన్నట్టు. గట్ల రాసి గూడెంల ఎట్ల తిరగాలె?”

ముత్తయ్య నేల చూస్తూ, “నాకెరికే గదనే. రాయి” అన్నాడు.

“నీకెరికే. కాయితానికి ఎరికెనా?” అన్నాడు వీరయ్య.

అన్నేళ్ళ ప్రాక్టీసులో అప్పటిదాకా నేను ఏ ఆఫీసరు ముందూ గొంతు పెంచలేదు. మర్యాద వల్ల అని చెప్పుకుంటాను, భయం వల్ల అని మా ఇంట్లో అంటారు. ఆ రోజు సూపరింటెండెంటు బల్ల దగ్గరికి వెళ్ళి, రెండో వాక్యం అబద్ధం, అబద్ధం మీద సంతకం పెట్టించడానికి మీకు అధికారం లేదు అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఫార్మాటు తాను తయారుచేసింది కాదని, మారిస్తే పైనుంచి వాపసు వస్తుందని అన్నాడు. వాపసు వస్తే రానీయండి, నా బతుకంతా వాపసుల మీదే గడిచింది అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక పని కొంచెం తేలికయింది. రెండో వాక్యం కొట్టేసి, పక్కన వీరయ్య పొట్టి సంతకం పెడితే పంపుతానన్నాడు.

నేను ఎన్ని అప్పీళ్ళలో ఏం గెలిచానో నాకే గుర్తు లేదు. ఆ ఒక్క వాక్యం కొట్టివేత మాత్రం గుర్తుంది.

మొదటి వాక్యం మిగిలింది. ‘నా కుమార్తె కాదు.’ చట్టం ప్రకారం అది నిజం. వీరయ్య పెన్ను పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. సుజాత వంగి, వాక్యం చివర ఉన్న ఖాళీ మీద వేలు పెట్టింది.

“పెదనాయనా, ఈడ జాగ ఉంది సూడు. తమ్ముని బిడ్డ అని రాయి. రాసి సంతకం పెట్టు. నువ్వు నాయనవు కాదంటే సర్కారు కడ్తది. అవునంటే మొత్తం నువ్వే కట్టాలె. మస్తు కట్టినవ్ గద, ఇంక కొంచెం వాళ్ళను సుత కట్టనీయ్.”

వీరయ్య పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. ‘నా తమ్ముని బిడ్డ.’ అక్షరాలు గీత దాటి ముద్రించిన వాక్యం మీదికి ఎక్కాయి. సంతకం పెట్టాడు. కాగితం ఇస్తూ సూపరింటెండెంటును చూడలేదు, తమ్ముడిని చూశాడు.

ఆ ఫైలు వాపసు రాలేదు. పరీక్షలకు వారం ముందు హాల్‌టికెట్ వచ్చింది.

ఆ తర్వాత జూలైలు

మీకు చెప్పేది ఏమిటంటే, పిల్లలెందరు అని అడగకండి. మన వైపు ఆ ప్రశ్నకు జనం ఇచ్చే జవాబు వేరు, ఫారం అడిగేది వేరు. రసీదు మీద పేరు తప్పనిపిస్తే, తప్పు అనే ముందు ఆ పేరు ఎవరిదని అడగండి. ఎదుటివాడు చెప్పబోతుంటే వరస వైపు చూడకండి. స్కాలర్‌షిప్ దరఖాస్తులో తండ్రి ఎవరో, ఫీజు రసీదులో తండ్రి ఎవరో, రిటర్నులో ఎవరి పిల్లో, మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మనం పదివేలు తగ్గించామని మురిసిపోతుంటే, ఇంకో ఆఫీసులో ఇంకెవరి నాలుగేళ్ళ చదువో ఆగిపోవచ్చు.

నేను మళ్ళీ సుబ్బారావు గారి ప్రశ్న అడగడం మొదలుపెట్టాను. వరస పెరిగింది, కొందరు విసుక్కుని ఫోన్లో చేసుకుంటామని వెళ్ళిపోయారు. వాళ్ళు చేసింది తప్పు కూడా కాదు.

వీరయ్య మాత్రం మానలేదు. మరుసటి జూలైలో అదే పాలిథిన్ సంచితో వచ్చాడు. ఫారం 16, బీమా రసీదులు, కొడుకు ఫీజు రసీదు ఒక్కొక్కటే తీసిచ్చాడు. అన్నీ అయ్యాక సంచి అడుగు నుంచి ఇంకొక రసీదు తీశాడు. నర్సింగ్ కాలేజీది.

“ఇది లెక్కల రాదు గద సార్.”

రాదు వీరయ్యా అన్నాను.

“ఎరికే. మీకు సూపెడ్దామని తెచ్చిన.”

సుజాత చదువు ముగిసేదాకా ప్రతి జూలైలోనూ తెచ్చాడు. ప్రతిసారీ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివేవాణ్ణి. విద్యార్థిని పేరు, తండ్రి పేరు ముత్తయ్య, కోర్సు, మొత్తం. అన్నిటికన్నా కింద, ఎవరూ చదవని చోట, చెల్లించినవారు: వీరయ్య. వెనక వరస ఎంత ఉన్నా అక్కడిదాకా చదివి, మడత నలగకుండా తిరిగి ఇచ్చేవాణ్ణి.